రాముడు కోతుల కోసం అడిగిన వరం: కొండగట్టు నుంచి కవ్వాల్ దాకా ఒక రోజు పాఠం



ముందుగా ఒక ప్రశ్న. యుద్ధకాండ చివర్లో, రావణ సంహారం అయిపోయాక ఇంద్రుడు రాముడితో "నీకు ఏం కావాలో కోరుకో" అంటాడు. అప్పుడు రాముడు ఏం కోరుకున్నాడు?

చాలామందికి జవాబు తెలుసు. తన కోసం ప్రాణాలిచ్చిన వానరులంతా మళ్ళీ లేచి నిలబడాలని కోరుకున్నాడు. కరెక్టే. కానీ అది సగం జవాబే. అదే వరంలో ఇంకో సగం ఉంది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఈ పాఠం మొత్తం ఆ రెండో సగం గురించే. అయితే దాన్ని నేరుగా చెప్పేస్తే చదివి మర్చిపోతాం. అందుకే ముందు నాతో పాటు ఒక రోజు కోతుల వెంట తిరగండి. చివర్లో ఆ వరం దగ్గరికి వద్దాం.

మార్చి నెల, శనివారం. నాతో పాటు మా అక్క కొడుకు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు. ముగ్గురూ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నారు. ప్లాన్ సింపుల్: పొద్దున కరీంనగర్ నుంచి కొండగట్టు, అక్కడి నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం బ్రిడ్జి మీదుగా గోదావరి దాటి లక్సెట్టిపేట, సాయంత్రానికి జన్నారం అడవి. అంటే పాత కరీంనగర్ జిల్లా నుంచి పాత ఆదిలాబాద్ జిల్లాకి. 2016లో జిల్లాలు విడిపోయాక కొండగట్టు జగిత్యాల జిల్లాలోకి, జన్నారం మంచిర్యాల జిల్లాలోకి వచ్చాయి.

కొండగట్టు: బిస్కెట్ ప్యాకెట్ చెప్పిన పాఠం

కొండగట్టు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మల్యాల మండలం ముత్యంపేట దగ్గర గుట్టల మీద వెలసిన ఆంజనేయస్వామి క్షేత్రం ఇది. సింగం సంజీవుడు అనే పశువుల కాపరి, తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ వచ్చి అలసి నిద్రపోతే, స్వామి కలలో కనిపించి తాను పొదలో ఉన్నానని చెప్పాడని స్థలపురాణం. ఇక్కడ స్వామికి రెండు ముఖాలు. ఒకటి ఆంజనేయుడిది, ఇంకోటి నరసింహుడిది. హనుమంతుడు సంజీవని పర్వతం మోసుకెళ్తుంటే ఒక ముక్క విరిగి ఇక్కడ పడిందని, అదే ఈ గట్టు అని కూడా చెప్పుకుంటారు. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఆ రోజుల్లో మాలలు విరమించడానికి వచ్చే స్వాములతో గట్టంతా కాషాయమే.

గట్టు మీద కోతులకు కొదవలేదు. మెట్ల మీద, గోడల మీద, బండ్ల మీద అన్నీ వాటివే. కారు దిగీ దిగగానే మావాడు బిస్కెట్ ప్యాకెట్ బయటికి తీశాడు. "మామా, స్వామి సేన కదా, పెడితే పుణ్యం. నువ్వు వీడియో తియ్యి" అన్నాడు.

పక్కనే అరటిపండ్లు అమ్ముతున్న పెద్దమ్మ చూసింది. "గుడి ముంగట పెట్టకుర్రి బిడ్డా, మీదికొస్తయ్" అంది. ఆమె అమ్మేది పండ్లే. అవి కొనేవాళ్ళలో కోతుల కోసం కొనేవాళ్ళే ఎక్కువ. అయినా ఆ మాట చెప్పింది.

ఆమె మాట పూర్తయ్యేలోపే వాడి ఫ్రెండ్ ప్యాకెట్ చింపి నాలుగు బిస్కెట్లు విసిరేశాడు. తర్వాత జరిగింది ఒక్క నిమిషం. పెద్ద మగకోతి ఒకటి దూకి వచ్చి మిగతావాటిని తరిమింది. రెండు కోతులు కొట్టుకున్నాయి. పొట్టకు పిల్లను కరిపించుకున్న తల్లి ఒకటి దగ్గరికి రాబోయి, దెబ్బ తిని, కీచుమంటూ రోడ్డుకు అడ్డంగా పరిగెత్తింది. ఎదురుగా వస్తున్న ఆటో గట్టిగా బ్రేకు కొట్టింది కాబట్టి సరిపోయింది. బిస్కెట్లన్నీ ఆ మగకోతి బుగ్గల్లోకి పోయాయి. మిగిలిన ప్యాకెట్‌ను ఇంకో కోతి చేతిలోంచి లాక్కుని, ప్లాస్టిక్‌తో సహా చెట్టెక్కింది.

ఇక్కడ ఆగుదాం. ఆకలిగా ఉన్న ప్రాణికి తిండి పెట్టడం మంచి పనే కదా, మరి ఎక్కడ తేడా కొట్టింది?

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో, 20 నుంచి 22 వరకు మూడు శ్లోకాల్లో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు. ఇవ్వడం నా ధర్మం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇస్తే అది సాత్వికం. ఏదో తిరిగి వస్తుందని లెక్క వేసుకుని ఇస్తే రాజసం. చోటు, సమయం, తీసుకునేవారి సంగతి ఏదీ చూడకుండా, మర్యాద లేకుండా పారేస్తే తామసం.

ఇప్పుడు మన బిస్కెట్‌ను ఈ మూడింటి పక్కన పెట్టి చూడండి. చోటు: బండ్లు తిరిగే రోడ్డు. సమయం: అది నిజంగా ఆకలితో ఉందో లేదో మనకు తెలియదు, మనకు అప్పుడు వీలైంది అంతే. తీసుకునే ప్రాణి: మైదా, చక్కెర, ఉప్పు దాని ఒంటికి పడతాయా అని మనం అడగలేదు. రీల్ కోసం అయితే రాజసం. కారు అద్దం దించి విసిరేసి పోతే, పేరు మీరే పెట్టండి. ఇచ్చేవాడి మనసు మంచిదైతే చాలు అని గీత అనలేదు. తీసుకునేవాడికి ఏం జరుగుతుందో చూడమంది.

ముందు ఎవరో తెలుసుకుందాం

హనుమంతుడి పేరు చెప్పి తిండి పెడతాం కానీ, మన ఎదురుగా ఉన్న కోతి ఏ రకమో మనకు తెలియదు. ఉత్తర తెలంగాణలో గుర్తుపట్టాల్సినవి మూడు.

మొదటిది, నెత్తి మీద వెంట్రుకలు పాపిడి తీసి టోపీ పెట్టినట్టు ఉండే కోతి. ఇంగ్లిష్‌లో బానెట్ మకాక్ అంటారు. దీని తోక ఒంటికంటే పొడుగు. ఇది దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా కనిపించదు. రెండోది రీసస్ మకాక్. తోక పొట్టి, వెనకభాగం ఎర్రగా, నడుము నుంచి కింద వెంట్రుకలు గోధుమ ఎరుపులో ఉంటాయి. మూడోది కొండముచ్చు, మా వైపు కొండెంగ అంటాం. నల్లటి ముఖం, బూడిద రంగు ఒళ్ళు, చాలా పొడుగాటి తోక.

మొదటి రెండింటికీ బుగ్గల లోపల సంచులు ఉంటాయి. దొరికింది గబగబా అందులో కుక్కుకుని, తర్వాత నిదానంగా కూర్చుని తింటాయి. ఆ మగకోతి బిస్కెట్లు దాచింది అందులోనే. కొండెంగకు ఆ సంచులు ఉండవు. దానికి అరలు అరలుగా ఉండే పెద్ద పొట్ట ఉంటుంది. ఆకులు అందులో సూక్ష్మజీవుల సాయంతో పులిసి, మెల్లగా అరుగుతాయి. ఆవుకు అన్నం కుప్పలుగా పెడితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుందని పశువులున్న ఇంట్లో ఎవరిని అడిగినా చెప్తారు. కొండెంగకు బ్రెడ్డు, స్వీట్లు పెట్టడం కూడా అలాంటిదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. కోతి పళ్ళు బయటపెడితే "నవ్వుతోంది" అని ఫొటో తీసుకుంటాం. అది నవ్వు కాదు. చాలాసార్లు అది భయం. నోరు తెరిచి, కళ్ళలోకి సూటిగా చూస్తే అది బెదిరింపు. అలాగే మనం దాని కళ్ళలోకి చూస్తూ పళ్ళు కనిపించేలా నవ్వితే, దాని భాషలో అది వేరే మాట. ఎదుటి ప్రాణి భాష తెలుసుకోవడం కూడా భక్తిలో భాగమే.

జగిత్యాల దారి: బిల్లు ఎవరు కడుతున్నారు?

కొండ దిగి జగిత్యాల వైపు వెళ్తుంటే దారికి రెండు వైపులా మామిడి తోటలు, మక్క చేన్లు. ఒకచోట చాయ్ కోసం ఆగాం. పక్క చేనులో మంచె మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మెడలో హనుమాన్ మాల, చేతిలో ఖాళీ డబ్బా, కర్ర. కోతులు వస్తే డబ్బా మోగిస్తాడు. మాటలు కలిశాయి.

"పల్లికాయ ఏస్తుంటి సారూ, బంద్ జేసిన. కూరగాయలు బంద్ జేసిన. ఇగ మక్క ఒక్కటే. అవి తినుడు తక్వ, పాడుజేసుడు ఎక్వ. ఒక్క కంకి తింటానికి పది ఇరుస్తయ్" అన్నాడు. రోజూ తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా కావలి. ఆయన ఒక దిక్కు, ఆయన భార్య ఒక దిక్కు. చుట్టాల ఇంట్లో పెళ్ళి అయినా ఇద్దరూ కలిసి పోయే వీల్లేదు, ఒకరు చేన్లో ఉండాల్సిందే.

మావాడు అడిగాడు: "మరి వడిసెల పెట్టి కొట్టరా?"

ఆయన మాల ముట్టుకుని చూపించాడు. "ఇది మెడల ఉండంగ రాయి చేతికి తీస్కోబుద్ధి అయితదా బిడ్డా? ఏటా ఏస్త. పొద్దుగాల లేచి ఆయనకే మొక్కుత. మళ్ల వచ్చి ఈడ వాటినే ఎల్లగొడ్త. ఏం జేయాలె చెప్పు."

ముగ్గురు పిల్లలూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కారెక్కాక లెక్క వేసుకున్నాం. రోడ్డు మీద, గుడి దగ్గర మనిషి చేతి తిండికి అలవాటైన మంద అడవిలోకి తిరిగి పోదు. సులువైన తిండి తిన్న మందలో పిల్లలు ఎక్కువ పుడతాయి, ఎక్కువ బతుకుతాయి. మంద పెరుగుతుంది, మనిషంటే భయం పోతుంది. జాతర రోజున అందరూ పెడతారు. జాతర అయిపోయిన మర్నాడు ఎవరూ పెట్టరు. అప్పుడు ఆ మంద ఎటు పోవాలి? పక్కనున్న చేనులోకే. కోతులు ఊళ్ళ మీదికి రావడానికి అడవులు తరిగిపోవడం పెద్ద కారణం, అది నిజం. కానీ మన చేతి తిండి ఆ దారిని ఇంకా సులువు చేస్తోంది. పుణ్యం మన ఖాతాలో వేసుకుంటున్నాం, బిల్లు మాత్రం మంచె మీద కూర్చున్న ఆ మాలధారి కడుతున్నాడు. ఒక భక్తుడి సేవ ఇంకో భక్తుడి పంట తినేస్తుంటే, మధ్యలో నిలబడిన కోతి మీద రాళ్ళు పడుతుంటే, అందులో స్వామికి చేరేది ఏముంటుంది?

గోదావరి: ఒక సరిహద్దు కథ

ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, భోజనం ముగించి, రాయపట్నం బ్రిడ్జి మీద కాసేపు నిలబడ్డాం. మార్చి కదా, నీళ్ళ మధ్య ఇసుక మేటలు తేలాయి. ఈ గట్టు పాత కరీంనగర్, ఆ గట్టు పాత ఆదిలాబాద్.

ఈ నదికి కోతుల శాస్త్రంలో కూడా ఒక స్థానం ఉంది. పొట్టి తోక రీసస్ కోతి ఉత్తరాది జాతి. పొడుగు తోక బానెట్ కోతి దక్షిణాదిది. వీటి మధ్య తూర్పు వైపు సరిహద్దుగా చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నది ఈ గోదావరినే. అయితే ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. రీసస్ కోతులు నది దాటి దక్షిణానికి బాగా లోపలికి వచ్చేశాయని, అవి వచ్చినచోట బానెట్ కోతులు వెనక్కి తగ్గుతున్నాయని పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో చెప్పారు. ఒకచోట పట్టిన కోతుల్ని తీసుకెళ్ళి ఇంకోచోట వదిలేయడం కూడా దీనికి ఒక కారణం. పొద్దున కొండగట్టు మీద మేం చూసిన మందలో ఎక్కువ పొట్టి తోకవే. పిల్లలు ఫొన్‌లో ఫొటోలు పెద్దవి చేసి తోకలు లెక్కపెట్టారు.

ఈ విషయం ఎందుకు చెప్తున్నానంటే, "కోతులకేం, ఎక్కడ చూసినా అవే కదా" అని మనం తేలిగ్గా అంటాం. మనకు మాత్రమే సొంతమైన బానెట్ కోతి నిజానికి తగ్గిపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అది ముప్పు ఉన్న జాతుల్లో చేరింది. కంటికి కనిపించే గుంపు పెద్దదైనంత మాత్రాన ఆ వంశం క్షేమంగా ఉన్నట్టు కాదు.

ఆవలి గట్టున, నిర్మల్ దగ్గర చించోలి (బి) సమీపంలో 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచింది. పట్టుకొచ్చిన కోతులకు అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి, కోలుకున్నాక వదిలేస్తారు. ఆలోచించండి. ఒకవైపు మందను పెంచే తిండి మనం పెడుతున్నాం, ఇంకోవైపు మందను తగ్గించే ఆపరేషన్ ప్రభుత్వం చేస్తోంది. రెండింటి మధ్య నలిగేది ఆ ప్రాణే.

జన్నారం: చేయి చాపని కోతి

సాయంత్రానికి జన్నారం చేరాం. కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యం అయింది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. బఫర్‌తో కలిపి సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. టేకు, మద్ది, తునికి, వెదురు. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఇప్పచెట్లు అప్పుడప్పుడే పూతకు వస్తున్నాయి.

అడవి జీపులో వెళ్తుంటే ఒక మలుపు దగ్గర డ్రైవర్ ఇంజన్ ఆపి, పైకి చూడమన్నాడు. పదిహేను దాకా కొండెంగలు. ఒక్కటి కూడా మావైపు రాలేదు. ఒక్కటి కూడా చేయి చాపలేదు. ఒక ముసలిది మమ్మల్ని ఒకసారి చూసి, "మీతో నాకేం పని" అన్నట్టు మళ్ళీ చిగుళ్ళ మీద పడింది. చెట్టు కింద దుప్పులు నిలబడి ఉన్నాయి. కొండెంగలు సగం తిని పారేసిన రెమ్మలు కింద పడుతుంటే అవి ఏరుకుని తింటున్నాయి. పులి వస్తే ముందు పైనున్న కొండెంగే చూస్తుంది, ఖర్రుమని అరుస్తుంది, కింద దుప్పులు పరుగెత్తుతాయి. ఒకరికి ఒకరు. ఇక్కడ దానం చేస్తున్నది కోతి.

అడవిలో కోతులు చేసే ఇంకో పని కూడా ఉంది. పండు తిని గింజ ఉమ్మేస్తాయి. బుగ్గలో దాచుకుని దూరంగా తీసుకెళ్ళి ఉమ్మేస్తాయి, లేదా మింగి ఇంకెక్కడో విసర్జిస్తాయి. అలా ఎన్నో చెట్ల గింజలు అడవంతా చేరుతాయి. మనం వాటిని రోడ్డు పక్కన బిస్కెట్ దగ్గర కూర్చోబెడితే, అడవికి విత్తనాలు చల్లే ఒక చేయి తగ్గినట్టే.

మావాడు మెల్లగా అన్నాడు: "మామా, పొద్దున చూసినవి అడుక్కునేవాళ్ళలా ఉన్నాయి. ఇవి ఇంటి యజమానుల్లా ఉన్నాయి."

నేను ఇక్కడ చెప్పాలనుకున్న మాట వాడే చెప్పేశాడు.

రామాయణం ఏం చెప్తోంది?

ఇప్పుడు గ్రంథంలోకి వద్దాం. వానరులకు తిండి పెట్టిన ఒక తల్లి వాల్మీకి రామాయణంలో ఉంది. కిష్కింధకాండలో వచ్చే స్వయంప్రభ.

సీతమ్మను వెతుకుతూ దక్షిణ దిక్కుకు వెళ్ళిన అంగదుడు, హనుమంతుడు, జాంబవంతుడు, మిగతా వానరులు ఆకలిదప్పులతో సొమ్మసిల్లే స్థితికి వస్తారు. ఒక గుహలోంచి రెక్కలు తడిసిన పక్షులు బయటికి రావడం చూసి, లోపల నీళ్ళున్నాయని వెళ్తారు. అక్కడ తపస్విని స్వయంప్రభ ఉంటుంది. ఆమె ఏం చేసిందో వరుసగా చూడండి.

ఒకటి, వాళ్ళు నిజంగా ఆకలితో ఉన్నారు. రెండు, ఆమె పెట్టింది పండ్లు, దుంపలు, అంటే వాళ్ళు తినే తిండే. మూడు, హనుమంతుడు "నీకు బదులుగా ఏం చేయమంటావు?" అని అడిగితే తనకేమీ అక్కర్లేదంది. నాలుగు, అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళని తన దగ్గర ఉంచుకోలేదు. ఆ గుహలోకి వచ్చినవాళ్ళు ప్రాణాలతో బయటపడటం కష్టం. అయినా కళ్ళు మూసుకోమని చెప్పి, తన తపోబలంతో బయటికి చేర్చింది. వాళ్ళ దారిన వాళ్ళని పంపించింది.

తర్వాత ఏమైందో తెలుసా? సుగ్రీవుడు పెట్టిన నెల గడువు అప్పటికే దాటిపోయింది. భయపడిన వానరుల్లో తారుడు అనే ఆయన, మళ్ళీ ఆ గుహలోకే పోయి ఉందాం, అక్కడ తిండికీ నీళ్ళకీ లోటు లేదు అంటాడు. చాలామందికి ఆ మాట నచ్చుతుంది కూడా! హనుమంతుడు ఒప్పుకోలేదు. అంగదుడికి నచ్చజెప్పి ఆపాడు. ఆ రోజు వాళ్ళు సులువైన తిండి దగ్గర ఆగిపోయి ఉంటే సముద్రం దాటేవాడు లేడు, సుందరకాండ లేదు.

ఇక ఆ వరం. రాముడు ఇంద్రుణ్ణి అడిగిన రెండో సగం ఇది: ఈ వానరులు ఎక్కడ ఉంటే అక్కడ, కాలం కాని కాలంలో కూడా పూలు, పండ్లు, దుంపలు ఉండాలి, అక్కడ నదులు నిర్మలంగా పారాలి.

నిదానంగా ఆలోచించండి. అడిగేవాడు రాముడు, ఇచ్చేవాడు దేవేంద్రుడు. అయోధ్యలో వీళ్ళందరికీ రోజూ విందు పెట్టించు అని అడగొచ్చు. అడగలేదు. తన కోసం ప్రాణాలిచ్చిన సేనకు రాముడు కోరింది కాసే చెట్టు, పారే నది. వాళ్ళు ఎవరి ముందూ చేయి చాపకుండా, తమ చోట తాము బతికే ఏర్పాటు. జన్నారంలో మేం చూసింది ఆ వరాన్నే. కొండగట్టు రోడ్డు మీద చూసింది ఆ వరం మనం తీసేసుకున్నాక మిగిలిన దాన్ని.

"కానీ మా తాతయ్య పెట్టేవాడు కదా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. మన ఇళ్ళలో కాకికి ముద్ద పెట్టడం, చీమకు పిండి చల్లడం ఉంది. దాన్నే భూతయజ్ఞం అన్నారు. మనం తినే దాంట్లో మిగతా ప్రాణులకూ వాటా ఉందని గుర్తుపెట్టుకోవడం దాని సారం. ఆ సారం నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే తాతయ్య రోజుల్లో ఊరి చుట్టూ మర్రి, రావి, మేడి, నేరేడు ఉండేవి. దాని వెనక అడవి ఉండేది. కోతికి అసలు తిండి అక్కడ. తాతయ్య పెట్టిన కొబ్బరిముక్క ఒక పలకరింపు లాంటిది. ఇప్పుడు చెట్టు పోయింది, పలకరింపు మాత్రం వేల ప్యాకెట్లైంది. ఆచారం అదే అయినా దేశం, కాలం మారాయి. వాటిని చూడమనే కదా గీత చెప్పింది.

మరి ఇప్పుడే అందరం మానేస్తే అవి పస్తులుండవా? అందుకే మానడం ఒక్కటే సరిపోదు, నాటడం కూడా కావాలి. 2015లో మొదలైన హరితహారంలో వానలు తిరిగి రావాలి, కోతులు అడవికి తిరిగి పోవాలి అన్న నినాదం వినిపించింది. తర్వాత కొన్ని ఊళ్ళలో కోతుల కోసమే పండ్ల చెట్లు నాటి, మంకీ ఫుడ్ కోర్టులని పేరు పెట్టారు. ఎండాకాలం నీళ్ళు పోసి వాటిని బతికిస్తే అది రాముడి వరంలో మన వంతు.

పొద్దున కనిపించిన పెద్దమ్మ సంగతి కూడా మర్చిపోవద్దు. ఆమె దగ్గర పండ్లు కొనండి. స్వామికి నివేదన చేసి, ప్రసాదంగా మనుషులకు పంచండి, మీరూ తినండి. ఆమె కడుపూ నిండుతుంది, రోడ్డు మీద కొట్లాటా ఉండదు.

ఈసారి సాధన

మీలో చాలామంది మాల వేసుకుని ఉంటారు, లేదా దర్శనానికి వెళ్తారు. ఈ ఐదు పాటించండి.

1. గట్టు మీద, ఘాట్ రోడ్డు మీద కోతులకు ఏమీ పెట్టకండి, విసరకండి. ఎవరైనా పెడుతుంటే గొడవ పడకుండా, కారణం చెప్పండి.

2. కొబ్బరికాయ, పండ్లు, ప్రసాదం జిప్ ఉన్న బ్యాగులో పెట్టుకోండి. చేతిలో కవర్ కనిపిస్తే అది తిండే అని వాటికి తెలుసు. తిన్న కవర్లు అక్కడ వదలకండి.

3. కోతి దగ్గరికి వస్తే పరిగెత్తకండి, కళ్ళలోకి చూడకండి, పళ్ళు చూపించకండి. ఖాళీ అరచేతులు చూపించి మెల్లగా పక్కకు జరగండి. పిల్లను ఎత్తుకున్న తల్లి కోతి దగ్గర సెల్ఫీ అసలే వద్దు.

4. కరిచినా, రక్కినా పసుపు, సున్నం పెట్టకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి.

5. కోతులకు పెట్టాలని మీరు పక్కన పెట్టుకున్న డబ్బుతో ఒక మొక్క కొనండి. రావి, మర్రి, మేడి, నేరేడు, ఏదైనా సరే. మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, పొలాలకు దూరంగా, గుట్ట పక్కన, ఊరివాళ్ళని అడిగి వానాకాలంలో నాటండి. రెండు ఎండాకాలాలు నీళ్ళు పోసే మనిషిని కూడా చూసుకోండి. నాటడం ఒక రోజు పని, నీళ్ళు పోయడం సాధన.

మర్రిచెట్టు కాతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పండు తినే కోతిని మీరు చూడకపోవచ్చు, అది మిమ్మల్ని గుర్తుపట్టదు, వీడియో కూడా ఉండదు. కృష్ణుడు సాత్వికం అన్నది సరిగ్గా ఈ రకం దానాన్నే.

జై శ్రీరామ్. జై హనుమాన్.